మంచు నేలల మనుషులు – 6: మంద నడిచే దారిలో గీత

గత భాగంలో వెండి కోసం జరిగిన దౌర్జన్యం చూశాం. 1635లో స్వీడన్ రాజ్యం నాసా కొండ మీద గని తెరిచి, ఖనిజం మోసే పనికి సామీలనూ వాళ్ల రెయిన్‌డీర్లనూ బలవంతాన పెట్టింది. మొరాయించినవాళ్లను గడ్డకట్టిన నదికి కన్నం వేసి, ఆ నీళ్లలో ముంచి లేపారు. 1693లో లార్స్ నిల్సన్ అనే వృద్ధుడు తాతల నాటి డోలు వాయించి దేవుళ్లను వేడుకున్నందుకు మరణశిక్షకు గురయ్యాడు. అతనితో పాటు ఆ డోలునూ తగలబెట్టారు. మతం, పన్ను, గని మూడూ ఒకేసారి ఉత్తరాదికి ఎక్కివచ్చిన కాలమది.

ఇన్ని జరిగినా సామీల బతుకుదారి మాత్రం తెగలేదు. ఎందుకంటే అప్పటికి ఆ నేల మీద ఎవరూ గట్టిగా గీత గీయలేదు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర కొసలూ రష్యాలోని కోలా ద్వీపకల్పమూ కలిపి సామీలు సాప్మి అని పిలుచుకునే దేశం అది. కొన్ని చోట్ల ఒకే కుటుంబం డెన్మార్క్–నార్వే రాజుకూ, స్వీడన్ రాజుకూ, రష్యా జారుకూ పన్ను కట్టిన రోజులున్నాయి. అది భారమే. అయితే ముగ్గురికీ కట్టినవాడు ముగ్గురి నేల మీదా తిరగగలిగాడు. ఆ తిరుగుడు ఆగిపోయిన కథ ఈ భాగంలో. అది కౌటొకెయినో అనే ఊళ్లో 1852 నవంబరులో నెత్తురు కళ్లజూసింది.

ఆ నెత్తురు అర్థం కావాలంటే ముందు మంద నడక అర్థం కావాలి.

కౌటొకెయినో నార్వే ఉత్తరాన, సముద్రానికి దూరంగా, లోపలి పీఠభూమి మీద ఉంది. శీతకాలంలో అక్కడ సున్నాకు 40 డిగ్రీల కిందికి చలి దిగుతుంది. ఏప్రిల్‌లో పొద్దు పెరిగేకొద్దీ పగటిపూట మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది, రాత్రి మళ్లీ గట్టిపడుతుంది. అందుకే ప్రయాణం రాత్రిపూట. చూడితో ఉన్న ఆడ రెయిన్‌డీర్లు ముందు నడుస్తాయి. ఎక్కడ ఈనాలో వాటికి తెలుసు. ఏటా పోయే చోటికే, ఉత్తరాన సముద్ర తీరపు కొండల వైపు సాగుతాయి. మనుషులు వాటిని తోలుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి మనుషులే వాటి వెంట నడిచేవాళ్లు. మే నెలలో దూడలు పుడతాయి. ఆ తర్వాత మంద ఇంకా ముందుకు పోయి, కొన్నిచోట్ల జలసంధులు ఈది, తీరంలోని దీవులకు చేరుతుంది. వేసవిలో అక్కడ పచ్చగడ్డి ఉంటుంది, సముద్రపు గాలికి దోమలు నిలవవు. లోపలి నేలల్లో ఆ కాలంలో దోమలూ ఈగలూ జంతువును మేయనివ్వవు, పడుకోనివ్వవు.

దూడ చెవికి యజమాని గుర్తు కోస్తారు. చెవి అంచున కత్తితో పెట్టే గాట్ల వరుసను బట్టి వేల జంతువుల్లోనూ ఇది ఎవరిదో చెప్పగలరు. పిల్లలకూ సొంత గుర్తులుంటాయి. బిడ్డకు మొదటి పన్ను వచ్చిందని కనిపెట్టినవారు ఒక రెయిన్‌డీర్‌ను కానుకగా ఇవ్వడం ఆచారం. ఆ ఒక్కటి ఈని, దాని పిల్లలు ఈని, పెళ్లినాటికి ఆ బిడ్డకంటూ ఒక చిన్న మంద తయారవుతుంది. జంతువు ఎవరిది వారిదే. మేత మాత్రం అందరిదీ. కొన్ని కుటుంబాలు కలిసి ఒక జట్టుగా కదులుతాయి. ఆ జట్టునూ, అది తిరిగే నేలనూ కలిపి ‘సీడా’ అంటారు. ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు రాత్రి కాపలా ఉండాలి అన్నవి సీడాలో తేలతాయి.

వాళ్ల గుడారం పేరు లావ్వు. కొయ్యలను కొసన కలిపి నిలబెట్టి, చుట్టూ తోళ్లో ఉన్ని దుప్పట్లో కప్పుతారు. నేల మీద సన్నని బిర్చ్ కొమ్మలు పరిచి, వాటి మీద రెయిన్‌డీర్ తోళ్లు వేస్తారు. నడుమ రాళ్ల పొయ్యి. చంటిబిడ్డను తొలిచిన కొయ్య ఊయలలో నాచు పరిచి, తోలుతో చుట్టి, ప్రయాణంలో రెయిన్‌డీర్ పక్కన వేలాడదీసేవారు. శీతకాలపు బండికి చక్రాలుండేవి కావు. దోనెలా ఉండే ఆ జారుడుబండిని విత్తుకొట్టిన పోతు రెయిన్‌డీర్ ఒక్కటే లాగేది.

ఆడవాళ్ల చేతి పని లేకపోతే ఆ చలిలో ఒక్క రోజు గడవదు. రెయిన్‌డీర్ నరాలను చీల్చి, చెంప మీద పెట్టి అరచేత్తో పురిపెట్టి దారం తీసేవారు. ఆ దారంతో కుట్టిన బూటులోకి నీరు దిగదు. బూటు లోపల మేజోళ్లుండేవి కావు. వేసవిలో కోసి, దువ్వి, మెత్తగా చేసి చుట్టలు కట్టుకున్న గడ్డిని కూరుకునేవారు. గడ్డి చెమటను పీల్చుకుంటుంది, కాలిని వెచ్చగా ఉంచుతుంది. రాత్రి దాన్ని తీసి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, తెల్లారి మళ్లీ కూరుకోవాలి. ఇది సరిగా చేయడం రానివాడి కాలివేళ్లు చలికి చచ్చిపోతాయి. పాలు పితకడమూ ఎక్కువగా ఆడవాళ్లదే. ఒక్కో రెయిన్‌డీర్ ఇచ్చేది కొద్దిపాటి పాలే. కానీ అందులో కొవ్వు ఆవుపాల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. ఆ పాలతో జున్నుగడ్డలు చేసేవారు, పుల్లటి ఆకులు వేసి ఉడికించి శీతకాలానికి దాచేవారు. కోసిన జంతువులో పారేసేది దాదాపు ఏమీ ఉండదు. నెత్తురు, మూలుగ, గిట్టల తోలు, కొమ్ము దేని వాడకం దానిది.

తీరంలో వీళ్ల కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. సముద్రపు సామీలు చేపలు పడతారు, నాలుగు గొర్రెలు సాకుతారు. కొండ సామీ కుటుంబానికీ తీరపు కుటుంబానికీ తరాల తరబడి సాగే స్నేహబంధం ఉండేది. ఆ బంధం ఉన్నవారిని ‘వెర్‌డె’ అనేవారు. వీళ్లు మాంసం, తోళ్లు, నరాల దారం తెస్తే, వాళ్లు ఎండుచేప, ఉన్ని, గడ్డి ఇచ్చేవారు. తీరపువాళ్ల కొద్దిపాటి రెయిన్‌డీర్లను వీళ్లు తమ మందలో కలుపుకొని ఏడాదంతా కాచేవారు. దక్షిణం నుంచి వచ్చి తీరంలో స్థిరపడిన రైతులతో మాత్రం పొత్తు కుదిరేది కాదు. మంద పడి గడ్డివాములు తొక్కిందన్న తగాదాలు ఏటేటా పెరిగాయి.

సెప్టెంబరులో తిరుగుప్రయాణం. చలి ముదిరేకొద్దీ మంద లోపలికి, ఇంకా లోపలికి పోవాలి. శీతకాలంలో రెయిన్‌డీర్‌ను బతికించేది లైకెన్ అనే తెల్లటి నాచులాంటి మేత. మూరల లోతు మంచు కింద ఉన్నా రెయిన్‌డీర్ దాని వాసన పసిగడుతుంది, ముందుకాళ్లతో తవ్వుకొని మేస్తుంది. అయితే మంచు పొడిగా ఉండాలి. తీరంలో శీతకాలంలోనూ అప్పుడప్పుడు వాన పడుతుంది, పడిన నీరు గడ్డకట్టి మంచు మీద అద్దంలా బిగుసుకుంటుంది. ఇక జంతువు గిట్ట దిగదు, కడుపు నిండదు. లోపలి అడవుల్లో ఆ భయం తక్కువ. కౌటొకెయినో సీడాలకు ఆ అడవులు దక్షిణాన, ఈనాటి ఫిన్లాండ్‌లోని ఎనొంటెకియో ప్రాంతంలో ఉన్నాయి. ఇంకో మాట గుర్తుంచుకోవాలి: లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకచోట అతిగా మేస్తే మళ్లీ తేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి ఏటా చోటు మార్చుతూ, విశాలంగా తిరగడం వాళ్లకు ప్రాణావసరం.

రాజులకు ఈ నడక సంగతి తెలియక కాదు. 1742 నుంచి 1745 దాకా మేజర్ పీటర్ ష్నిట్లర్ అనే అధికారి డెన్మార్క్–నార్వే తరఫున ఉత్తరాదంతా తిరిగి, సామీలనూ రైతులనూ కూర్చోబెట్టి సాక్ష్యాలు రాసుకున్నాడు. ఏ కొండ ఎవరిది, ఏ వాగు దగ్గర ఎవరు ఆగుతారు, పన్ను ఎవరికి కడతారు అని అడిగాడు. వాటి ఆధారంగా 1751 అక్టోబరు 2న స్ట్రోమ్‌స్టాడ్‌లో ఒప్పందం కుదిరింది. నార్వే, స్వీడన్‌ల మధ్య సరిహద్దు ఖాయమైంది. అంతదాకా స్వీడన్ చేతిలో ఉన్న కౌటొకెయినో నార్వేకు పోయింది.

ఆ ఒప్పందానికి 30 క్లాజుల అనుబంధం ఒకటి జోడించారు. దాని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. సామీలు పూర్వాచారం ప్రకారం వసంతంలోనూ శరత్తులోనూ మందలతో సరిహద్దు దాటవచ్చు. అవతలి దేశపు నేలనూ తీరాన్నీ వాడుకోవచ్చు. ఒక్క రాజ్యానికే చెందుతారు, ఆ ఒక్క రాజ్యానికే పన్ను కడతారు. రెండు రాజ్యాలూ యుద్ధానికి దిగినా వీళ్ల రాకపోకలు ఆగకూడదు. వలసవచ్చినవారి మధ్య తగాదాలను వాళ్లలోంచే ఎంచుకున్న పెద్దలు తీర్చాలి. సామీల ఉనికి కాపాడటమే తమ ఉద్దేశమని ఇద్దరు రాజులూ ఆ పత్రంలో ఒప్పుకున్నారు. 18వ శతాబ్దపు యూరప్‌లో ఒక చిన్న జాతి గురించి ఇంత ఆలోచించి రాసిన పత్రం ఇంకొకటి దొరకడం కష్టం. సామీలు ఇవాళ్టికీ హక్కుల వాదనల్లో దాన్ని ముందు పెడతారు.

దాదాపు వందేళ్లు ఆ పత్రం పనిచేసింది. దాన్ని దెబ్బతీసింది సామీలకు సంబంధం లేని యుద్ధం.

1809లో స్వీడన్ రష్యా చేతిలో ఓడి ఫిన్లాండ్‌ను వదులుకుంది. ఎనొంటెకియో అడవులు రష్యా చక్రవర్తి ఏలుబడిలోకి వెళ్లాయి. 1826లో నార్వే, రష్యాల మధ్య కూడా సరిహద్దు గీశారు. ఫిన్లాండ్ వైపువాళ్లకు తీరంలో చేపలు పట్టే హక్కు కావాలి. నార్వే మందలకు ఫిన్లాండ్ లైకెన్ కావాలి. బేరం ఏళ్ల తరబడి సాగింది. నార్వే చేపల రేవులు ఇవ్వడానికి జంకింది. రష్యా గడ్డకట్టని ఓడరేవు కోసం పన్నాగం పన్నుతోందన్న అనుమానం అప్పుడు పశ్చిమ యూరప్ అంతటా ఉంది. ఫిన్లాండ్ పల్లెల్లో నార్వే మందలు తమ మేత తినేస్తున్నాయన్న కోపమూ ఉంది. బేరం చెడింది. 1852 సెప్టెంబరు 15న రష్యా ఆ సరిహద్దును మందలకు మూసేసింది.

తేదీ గమనించండి. సెప్టెంబరు అంటే మందలు తీరం నుంచి వెనక్కి మళ్లే సమయం. శీతకాలం ముంగిట్లో ఉంది. అడవి ఉంది, అడవిలో లైకెన్ ఉంది, దారి మాత్రం లేదు.

ఇక ఊరి లోపలి సంగతి. కౌటొకెయినోలో మూడు ఇళ్లకు అధికారం ఉండేది: పాదిరీ ఇల్లు, పోలీసు అధికారి ఇల్లు, వ్యాపారి ఇల్లు. వ్యాపారి కార్ల్ యోహాన్ రూత్. పిండి, ఉప్పు, గుడ్డ అతని దగ్గరే కొనాలి. సారా కూడా అతని దగ్గరే. ఉత్తరాది వ్యాపారం చాలాకాలంగా నడిచిన తీరే అది. ముందు తాగించి, తర్వాత బేరం చేసి, తోళ్లూ జంతువులూ జమ రాసుకునేవారు. అప్పులు పెరిగి మందలు కరిగిన కుటుంబాలు ఆ నేలలో కొల్లలు.

సరిగ్గా అప్పుడే సరిహద్దుకు అవతల, స్వీడన్‌లోని కారెసువాండో చర్చిలో ఒక గొంతు లేచింది. లార్స్ లెవీ లెస్టాడియస్ 1800లో పుట్టాడు. తల్లివైపు నుంచి సామీ రక్తం. ఉత్తరాది మొక్కల గురించి అతనికి తెలిసినంత యూరప్‌లో కొద్దిమందికే తెలుసు. 1838లో బయల్దేరిన ఫ్రెంచి శాస్త్రయాత్రలో పాల్గొని, ఫ్రాన్స్ ప్రభుత్వం నుంచి గౌరవపతకం అందుకున్నాడు. 1844లో మిల్లా క్లెమెంట్స్‌డాటర్ అనే సామీ యువతితో జరిగిన సంభాషణ అతని జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ తర్వాత అతని ప్రసంగాలు నిప్పులు కురిశాయి. సామీ, ఫిన్నిష్ భాషల్లో, గుడారాల్లో వాడే మాటలతో, సారా అమ్మేవాడినీ తాగేవాడినీ పేరుపేరునా నిలదీసినట్టు మాట్లాడాడు. జనం ఏడ్చారు, ఊగిపోయారు, సారా మానేశారు. దొంగిలించిన జంతువులను తిరిగిచ్చారు. తాగుడు మానిన ఊళ్లో సారా వ్యాపారికి గిరాకీ పోతుంది. తమ భాషలో తమకు తామే ప్రవచించుకునే ఊళ్లో పాదిరీ మాటకు విలువ తగ్గుతుంది. లెస్టాడియస్ ఆశించాడో లేదో గానీ, అతని మాట ఆ మూడు ఇళ్ల అధికారాన్నీ కుదిపింది.

కౌటొకెయినోలో కొందరు అతని కంటే చాలా ముందుకు పోయారు. తాము పవిత్రులమనీ, మారనివాళ్లు సైతాను మనుషులనీ ప్రకటించారు. 1851 వేసవిలో తీరంలోని షెర్వోయ్ చర్చికి వెళ్లి ఆరాధన మధ్యలో అడ్డుపడి అరిచారు. కేసులు పడ్డాయి, జైలుశిక్షలు పడ్డాయి. శిక్షలతో పాటు కోర్టు ఖర్చులూ వాళ్ల నెత్తినే పడ్డాయి. మంద మీద బతికేవాడు ఖర్చు కట్టాలంటే మందలోంచే కట్టాలి. సామీ భాష నేర్చి, ఆ భాషకు పుస్తకాలు రాసిన నిల్స్ విబె స్టాక్‌ఫ్లెత్ అనే వృద్ధ పాదిరీని వాళ్లకు నచ్చజెప్పడానికి పంపారు. మాటామాటా పెరిగిందే తప్ప తగ్గలేదు. 1852లో ఫ్రెడ్రిక్ వాల్డెమార్ వోస్లెఫ్ అనే యువ పాదిరీ వచ్చాడు. వ్యాపారి, పోలీసు అధికారి లార్స్ యోహాన్ బుఖ్త్, పాదిరీ ముగ్గురూ ఒక వైపు. భక్తులు మరో వైపు.

1852 నవంబరు 8. కొండమీది విడిదుల నుంచి దాదాపు 35 మంది పెద్దలు, పిల్లాపాపలతో సహా ఊరివైపు కదిలారు. దారిలో ఇతర సీడాల వాళ్లనూ బెదిరించి, కొట్టి, తమతో రమ్మన్నారు. ముందు నడిచినవాళ్లలో అస్లాక్ హెట్టా, మోన్స్ సోంబి, ఎల్లెన్ స్కుమ్ అనే స్త్రీ ఉన్నారు. రూత్‌ను, బుఖ్త్‌ను కత్తులతో చంపారు. వ్యాపారి ఇంటికి నిప్పు పెట్టారు. వోస్లెఫ్‌నూ అతని ఇంటివాళ్లనూ బిర్చ్ బెత్తాలతో కొడుతూ మారుమనసు పొందమన్నారు. పక్కనున్న ఆవ్‌జి పల్లె నుంచి జనం వచ్చి కలబడి, తిరుగుబాటుదారులను పట్టుకున్నాకే అది ఆగింది. ఆ దెబ్బలకు తిరుగుబాటు చేసినవాళ్లలో ఇద్దరు చనిపోయారు. కొట్టినవాళ్లూ, వచ్చి ఆపినవాళ్లూ సామీలే. ఈ సంగతి దాచకూడదు.

అయిదుగురికి మరణశిక్ష ఖాయమైంది. ముగ్గురికి రాజు దాన్ని యావజ్జీవానికి తగ్గించాడు. 1854 అక్టోబరు 14న ఆల్టా దగ్గరి ఎల్వెబక్కెన్‌లో అస్లాక్ హెట్టా, మోన్స్ సోంబిల తలలు నరికారు. ఇద్దరూ ముప్పై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. మొండేలను పూడ్చి, తలలను రాజధానిలోని విశ్వవిద్యాలయానికి పంపారు. పుర్రెల కొలతలతో జాతుల మంచిచెడ్డలు తేల్చవచ్చని పండితులు నమ్మిన కాలం అది. రెండు పుర్రెల్లో ఒకటి డెన్మార్క్‌కు చేరింది. వారసులు పట్టు విడవకుండా అడిగాక, 1997లో రెంటినీ ఆల్టా దగ్గరి కోఫ్యూర్ చర్చి ఆవరణలో ఖననం చేశారు. 143 ఏళ్లు ఆ ఇద్దరికీ అంతిమ సంస్కారం పూర్తికాలేదు.

మిగిలినవాళ్లు దూరాన జైళ్లలో మగ్గారు. కొందరు అక్కడే చనిపోయారు. బతికినవాళ్లలో లార్స్ హెట్టా ఉన్నాడు. నేరం నాటికి అతనికి 18 ఏళ్లు. అకెర్‌షూస్ కోటలో ఖైదీగా ఉంటూ బైబిలును సామీలోకి అనువదించడానికి కూర్చున్నాడు. తన జనం చరిత్రనూ రాశాడు. 1867లో విడుదలయ్యాడు. 1895లో సామీ భాషలో సంపూర్ణ బైబిలు వెలువడినప్పుడు దాని వెనక అతని ఏళ్ల శ్రమ ఉంది.

చాలాకాలం ఈ ఘటనను మతోన్మాదం అనే ఒక్క మాటతో సరిపెట్టారు. లెస్టాడియస్‌ను నిందించారు. అతను తన ప్రసంగాలకు ఆ హత్యలతో సంబంధం లేదని వాదిస్తూనే 1861లో కన్నుమూశాడు. మతావేశం లేదనలేం. సరిహద్దు మూతకూ హత్యలకూ మధ్య ఎనిమిది వారాలే ఉన్నాయి కాబట్టి, ఆ మూత ఒక్కటే కత్తి పట్టించిందనడమూ సరికాదు. కానీ ఎవరిని చంపారో చూడాలి. సారా అమ్మి అప్పు రాసినవాడిని, అరెస్టులు చేసినవాడిని. కొట్టింది వాళ్ల పక్కన నిలిచిన పాదిరీని. కౌటొకెయినో జనానికి పోగొట్టుకుంటున్నదేమిటో తెలుసు. మందా, మేతా, మాటా మూడూ వాళ్ల చేతుల్లోంచి జారిపోతున్నాయి. ఆ కోపానికి అప్పట్లో దొరికిన భాష మతమే.

మరణశిక్షలూ జైళ్లూ మేత సమస్యను తీర్చలేదు. కౌటొకెయినో పరిసరాల్లో ఇరుక్కున్న మందలకు శీతకాలపు లైకెన్ చాలలేదు. అప్పుడు కొన్ని కుటుంబాలు ఒక ఉపాయం పన్నాయి. నార్వే, ఫిన్లాండ్‌ల మధ్య గీత మూసుకుంది గానీ స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య గీత ఇంకా తెరిచే ఉంది. కాబట్టి నార్వే పౌరులు స్వీడన్‌లోని కారెసువాండోకు మారి స్వీడన్ పౌరులైతే చాలు, పాత దీవులకూ పోవచ్చు, పాత అడవులకూ పోవచ్చు. అలాగే చేశారు. కాగితాలు మారాయి, మంద పాతదారినే నడిచింది.

ఆ సందు 1889 దాకా తెరుచుకొని ఉంది. ఆ ఏడాది స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య సరిహద్దూ మందలకు మూతపడింది. 1905లో నార్వే స్వీడన్‌తో ఉన్న రాజ్య కూటమి నుంచి విడిపోయి, తన తీరాన్ని తన రైతులకే ఉంచుకోవాలనుకుంది. 1919లో రెండు దేశాలూ రాసుకున్న కొత్త ఒప్పందం తర్వాత కారెసువాండో కుటుంబాలను వందల కిలోమీటర్ల దక్షిణానికి, తమకు తెలియని కొండల్లోకి, అప్పటికే వేరే సామీలు మేపుకుంటున్న నేలల మీదికి కదలమన్నారు. వెళ్లినవాళ్లకూ అక్కడున్నవాళ్లకూ మధ్య పుట్టిన గొడవలేమిటి? సామీ పిల్లలను సామీ మాట్లాడనివ్వని బడులు ఎలా వచ్చాయి? 1917 ఫిబ్రవరి 6న ట్రోన్‌హెయిమ్ నగరంలో సరిహద్దుకు రెండు వైపుల సామీలనూ మొదటిసారి ఒక సభలో కూర్చోబెట్టిన ఎల్సా లౌలా రెన్‌బెర్గ్ ఎవరు? ఆమెతోనే వచ్చే భాగం మొదలవుతుంది.